ఓపెన్ హౌస్‌లో కలిసిన ఏజెంట్ ఎవరి మనిషి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. టెక్సస్‌లో డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో అద్దెకుంటున్నారు, ఇది మీ మొదటి ఇల్లు. మొన్న ఆదివారం ఫ్రిస్కోలో ఒక ఓపెన్ హౌస్, అంటే ఎవరైనా వచ్చి చూసుకునేలా తెరిచి ఉంచిన అమ్మకపు ఇల్లు చూశారు, నచ్చింది, 5 లక్షల డాలర్లు అడుగుతున్నారు. అక్కడున్న ఏజెంట్ బాగా మాట్లాడాడు. "మీకు వేరే ఏజెంట్ ఎందుకు, రెండు వైపులా నేనే చూసుకుంటాను, కమిషన్ మిగులుతుంది, రేటు తగ్గించి ఇప్పిస్తాను" అన్నాడు. తెలిసినవాళ్ళు చెప్పిన ఇంకో ఏజెంట్‌కి ఫోన్ చేస్తే, ఇల్లు చూపించే ముందే ఏదో అగ్రిమెంట్ మీద సంతకం కావాలంది. మీ అన్నయ్యేమో ఇళ్ళన్నీ ఫోన్‌లోనే కనబడుతుంటే అసలు ఏజెంట్ దేనికంటున్నారు. పైగా ఆయన కూడా ప్లేనోలో ఇల్లు అమ్మే ఆలోచనలో ఉన్నారు.

వీటన్నిటికీ అడుగున ఉన్న ప్రశ్న ఒకటే. మీతో మాట్లాడుతున్న ఏజెంట్ కాగితం మీద ఎవరి తరఫు? అది తేలేదాకా మీ బడ్జెట్ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడకండి. ఇప్పటికే ఆ ఓపెన్ హౌస్ ఏజెంట్‌కి ఎంతదాకా పెట్టగలరో చెప్పేసి ఉంటే, అది అమ్మేవాళ్ళకి చేరిందనే అనుకుని ముందుకెళ్ళండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నాకే జరిగింది కాబట్టి. 2011లో మేం మొదటి ఇల్లు కొన్నప్పుడు ఇంటి ముందు బోర్డు మీదున్న నంబరుకే ఫోన్ చేశాను. వచ్చినాయన చాలా మర్యాదస్తుడు. మా పాపని పలకరించాడు, గదులన్నీ ఓపిగ్గా చూపించాడు, మొదట్లోనే చేతికి ఒక కాగితం కూడా ఇచ్చాడు. నేను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత వంటింట్లో నిలబడి కబుర్లాడుకుంటూ, మా లీజు నెలాఖరుకి అయిపోతుందనీ, మా ఆవిడకి ఇది తప్ప ఇంకోటి నచ్చలేదనీ, అవసరమైతే ఇంకో 15 వేలు పెట్టగలమనీ నేనే చెప్పాను. మేం వేసిన ఆఫర్‌కి బదులు వచ్చింది, సరిగ్గా 15 వేలు ఎక్కువకి. చాలాకాలం ఆయన మోసం చేశాడనే అనుకున్నాను. 2013లో నేనే ఏజెంట్ లైసెన్స్ కోసం చదువుతున్నప్పుడు అసలు సంగతి అర్థమైంది. ఆయన అమ్మేవాళ్ళ ఏజెంట్. కొనేవాడు నోరు జారి చెప్పిన ముఖ్యమైన సంగతిని తన క్లయింట్‌కి చేరవెయ్యడం ఆయన బాధ్యత. చెప్పకుండా దాచి ఉంటే అదీ తప్పు. నేను జేబులో పెట్టుకున్న కాగితంలో ఈ మాటే రాసి ఉంది.

మనకి ఈ తేడా చప్పున తట్టకపోవడానికి కారణం ఉంది. హైదరాబాద్‌లోనైనా, గుంటూరులోనైనా మనం చూసిన మధ్యవర్తి పెళ్ళిళ్ల పేరయ్య లాంటివాడు. ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి, బేరం కుదిర్చి, ఇద్దరి దగ్గరా ఒకటో రెండో శాతం తీసుకుంటాడు. అతను ఎవరి మనిషీ కాదని ఇద్దరికీ తెలుసు. అందుకే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ మనం మన లాయరుకి విడిగా చూపించుకుంటాం. 2016 నాటి రెరా చట్టం వచ్చాక, రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేయించే ఏజెంట్లు కూడా రిజిస్టర్ చేసుకోవాలి, లేనిపోనివి చెప్పి అమ్మకూడదు. కానీ అది కూడా "నేను ఫలానావారి తరఫు" అనే సంబంధాన్ని అంత స్పష్టంగా ముడివెయ్యలేదు. అమెరికాలో ఏజెంట్ అన్న మాటకి అర్థం వేరు. ఇక్కడ ఏజెంటంటే దాదాపు ప్లీడరు లాంటివాడు. ఒకరి పక్షం పట్టాక వాళ్ళ మేలే చూడాలి, వాళ్ళ గుట్టు కాపాడాలి, తనకి తెలిసిన ముఖ్యమైన సంగతులన్నీ వాళ్ళకి చెప్పాలి, వాళ్ళ డబ్బుకి లెక్క చెప్పాలి. అవతలివాళ్ళతో మాత్రం నిజాయితీగా ఉంటే చాలు. అబద్ధం చెప్పకూడదు, తనకి తెలిసిన లోపాన్ని దాచకూడదు. అంతకుమించి వాళ్ళకి ఏమీ బాకీ లేదు. అవతలివాళ్ళ ప్లీడరు ఎంత మంచివాడైనా మన కేసు ఆయనకి చెప్పుకోం కదా.

నేను జేబులో పెట్టుకున్న ఆ కాగితం పేరు టెక్సస్‌లో ఇన్ఫర్మేషన్ అబౌట్ బ్రోకరేజ్ సర్వీసెస్. ట్రెక్ అని పిలిచే టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ తయారు చేసింది. ఏజెంట్‌తో ఒక నిర్దిష్టమైన ఇంటి గురించి మొదటిసారి గట్టిగా మాటలు మొదలైనప్పుడే అది మీ చేతికి రావాలి. ఇందులో ఒక మెలిక ఉంది, మీకు సరిగ్గా అదే తగిలింది: ఓపెన్ హౌస్‌లో ఆ ఇంటి గురించే మాట్లాడుతున్నంతసేపూ ఏజెంట్ ఆ కాగితం ఇవ్వనక్కర్లేదు. అంటే మనం అన్నిటికంటే తేలిగ్గా నోరు విప్పే చోట హెచ్చరిక చేతికి రాదు. అది మీ తప్పు కాదు. ఇకముందు ఎవరి ఓపెన్ హౌస్‌కి వెళ్ళినా గడప దగ్గరే అడగండి, "మీరు అమ్మేవాళ్ళ తరఫేనా?" అని. నూటికి తొంభైసార్లు అవుననో, వాళ్ళ ఆఫీసులోనే పనిచేసే ఇంకో ఏజెంట్‌ననో చెబుతారు.

ఆ రెండో జవాబుకి కూడా అర్థం ఉంది. టెక్సస్‌లో చట్టం దృష్టిలో మీ పక్షాన ఉండేది ఏజెంట్ ఒక్కడే కాదు, అతను ఎవరి కింద పనిచేస్తున్నాడో ఆ బ్రోకర్. ఒకే బ్రోకర్ కింద ఒక ఏజెంట్ అమ్మేవాళ్ళకీ, మరో ఏజెంట్ మీకూ పనిచేస్తే, ఆ బ్రోకర్ ఇద్దరికీ మధ్య ఉన్నట్టు. దీన్నే ఇక్కడ ఇంటర్మీడియరీ అంటారు. ఇందుకు రెండు పక్షాల రాతపూర్వకమైన ఒప్పుదల కావాలి. అప్పుడు బ్రోకర్ మీకొక ఏజెంట్‌నీ, అమ్మేవాళ్ళకి మరో ఏజెంట్‌నీ నియమించవచ్చు. ఆ ఏజెంట్లు ఎవరివాళ్ళకి వాళ్ళు సలహా చెప్పవచ్చు. ఇది పెద్ద ఆఫీసుల్లో రోజూ జరుగుతుంది, అందులో భయపడాల్సింది తక్కువ.

"రెండు వైపులా నేనే" అన్నది వేరే సంగతి. ఒకే మనిషిని రెండు పక్షాలకీ నియమించడానికి లేదు. నియామకాలు లేకుండా అతనొక్కడే మధ్యలో ఉంటే, ధర ఎంత పెట్టాలో, అవతలివాళ్ళు బదులు చెప్పిన ధరకి ఒప్పుకోవాలో వద్దో, ఇన్‌స్పెక్షన్ తర్వాత ఏం అడగాలో ఇద్దరిలో ఎవరికీ సలహా చెప్పకూడదు. కాగితాలు అటూ ఇటూ చేరవెయ్యడం, తేదీలు గుర్తుచెయ్యడం వరకే. అమ్మేవాళ్ళు ఇంకా తక్కువకి ఒప్పుకుంటారని మీకు చెప్పకూడదు, మీరు ఇంకా ఎక్కువ పెడతారని వాళ్ళకి చెప్పకూడదు. చట్టం అతన్ని అలా కట్టేసింది, మంచికే. కానీ "చూసుకుంటాను" అన్న మాటకి మీరు చెప్పుకున్న అర్థం మాత్రం ఆ ఏర్పాటులో లేదు. మొదటి ఇల్లు కొంటున్నవాళ్ళకి అన్నిటికంటే కావలసింది సలహా. దాన్నే వదులుకోమంటున్నాడు.

మరి కమిషన్ మిగులుతుందన్నది? ఆ డబ్బు ఎవరికి మిగులుతుందో అడగండి. అమ్మేవాళ్ళు లిస్టింగ్ ఏజెంట్‌తో, అంటే ఇంటిని అమ్మకానికి పెట్టిన తమ ఏజెంట్‌తో ముందే ఒక రేటు ఒప్పుకుని ఉంటారు. కొనేవాళ్ళు ఏజెంట్ లేకుండా వస్తే ఆ రేటు తగ్గుతుందని ఆ అగ్రిమెంట్‌లో రాసి ఉంటే, మిగిలింది అమ్మేవాళ్ళకి. అలా రాసి లేకపోతే మొత్తం ఆ ఏజెంట్‌కే. ఎటు చూసినా మీ చేతికి తనంతట తాను రాదు. ఇంటి ధర ఆ మేరకి తగ్గితేనే మీకు లాభం, ఆ తగ్గించమనే బేరం చెయ్యడానికి మీ తరఫున మనిషి లేడు.

ఇక సంతకం సంగతి. ఆ ఏజెంట్ మిమ్మల్ని ఇరికించడానికి అడగలేదు. కాన్సస్ సిటీ ఫెడరల్ కోర్టులో ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళు వేసిన కేసులో 2023 అక్టోబర్ 31న జ్యూరీ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్‌కీ, కొన్ని పెద్ద బ్రోకరేజీలకీ వ్యతిరేకంగా తీర్పిచ్చింది. కొనేవాళ్ళ ఏజెంట్‌కి కూడా అమ్మేవాళ్ళే ఇంత ఇస్తామని ముందే ఎం.ఎల్.ఎస్.లో (ఏజెంట్లు అమ్మకపు ఇళ్ళ వివరాలు పంచుకునే జాబితాలో) చూపించాలన్న పద్ధతి వల్ల కమిషన్లు తగ్గకుండా నిలబడిపోయాయన్నది వాళ్ళ ఫిర్యాదు. 2024 మార్చిలో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. రాజీలో భాగంగా 2024 ఆగస్టు 17 నుంచి రెండు మార్పులొచ్చాయి. కొనేవాళ్ళ ఏజెంట్‌కి ఎంతిస్తారో ఎం.ఎల్.ఎస్.లో చూపించకూడదు. ఏజెంట్ ఇల్లు చూపించే ముందే కొనేవాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. టెక్సస్ తన చట్టంలోనే 2026 జనవరి 1 నుంచి ఇలాంటి నియమం పెట్టుకుంది. ఎవరైనా సంతకం లేకుండానే పది ఇళ్ళు తిప్పి చూపిస్తానంటే, అతను నియమాలు పాటించడం లేదని అర్థం.

సంతకం పెట్టొచ్చు, పెట్టాలి కూడా. ఏం రాసి ఉందో చదివాక. నేనైతే ముందు చూసేది కాలం. ఆరు నెలలకి, డాలస్ చుట్టుపక్కల కౌంటీలన్నిటికీ, మొదటి పరిచయంలోనే సంతకం పెట్టకండి. ఈ ఒక్క ఇంటికనో, రెండు వారాలకనో రాయించుకోండి, నచ్చితే పొడిగించుకోవచ్చు. ప్రాతినిధ్యం ఏమీ లేకుండా కేవలం ఇల్లు చూపించడానికి చేసుకునే ఒప్పందానికైతే టెక్సస్ కొత్త చట్టం 14 రోజుల గడువు పెట్టింది. మధ్యలో కుదరకపోతే ఎలా విడిపోవాలో కూడా అడిగి రాయించండి. ఒప్పందం ముగిశాక, అది నడుస్తుండగా చూసిన ఇంటినే కొంటే కమిషన్ ఇవ్వాలనే షరతు ఉంటుంది. అది న్యాయమే కానీ ఎన్ని రోజులదాకా అన్నది చూసుకోండి.

ఆ తర్వాత చూడాల్సింది డబ్బు. రేటు ఇంతని చట్టమేమీ చెప్పదు, మాట్లాడుకోవలసిందే. మీ అగ్రిమెంట్‌లో 3 శాతం అని రాసి ఉందనుకుందాం. 5 లక్షల ఇంటికి 15 వేలు. అమ్మేవాళ్ళు మీ ఏజెంట్‌కి 2 శాతం, అంటే 10 వేలు ఇస్తామంటే, మిగతా 5 వేలు క్లోజింగ్ రోజున, అంటే డబ్బు కట్టి ఇల్లు మీ పేరు మీదకి మారే రోజున, మీరు తెచ్చుకోవాలి. మామూలుగా దాన్ని లోన్‌లో కలపనివ్వరు. అమ్మేవాళ్ళు ఏమీ ఇవ్వమంటే మొత్తం మీదే. అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్ళే ముందే "వాళ్ళు ఎంత ఇస్తారో కనుక్కున్నారా" అని అడగండి. ఎం.ఎల్.ఎస్.లో లేకపోయినా ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది. ఆఫర్‌లోనే అమ్మేవాళ్ళని ఇంత భరించమని అడగవచ్చు. ఒకవేళ అమ్మేవాళ్ళు ఎక్కువ ఇస్తామన్నా మీ ఏజెంట్ మీతో ఒప్పుకున్న దానికి మించి తీసుకోకూడదు.

మనవాళ్ళలో కమిషన్ వెనక్కిచ్చే ఏజెంట్లు చాలామంది ఉన్నారు. టెక్సస్‌లో ఆ పద్ధతికి చట్టం ఒప్పుకుంటుంది, నేను కూడా కొన్నిసార్లు ఇచ్చాను. కాకపోతే ఆ మొత్తం క్లోజింగ్ కాగితాల్లో కనబడాలి, లోన్ ఇచ్చేవాళ్ళకి తెలియాలి. చేతికి విడిగా చెక్కు ఇస్తానంటే వద్దనండి. ఇంకొక మాట నా అనుభవం కొద్దీ చెబుతున్నాను. ఎంత వెనక్కిస్తారన్న ఒక్కదాని మీద ఏజెంట్‌ని ఎంచుకున్న దంపతులు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు 60 పేజీలు వచ్చిన రాత్రి నాకు ఫోన్ చేసి "దీన్ని ఎవరు చదివి చెబుతారు" అని అడిగిన సందర్భాలున్నాయి. అప్పటికి వాళ్ళ ఏజెంట్ ఫోన్ ఎత్తడం లేదు. వెనక్కిచ్చేవాళ్ళందరూ అలా ఉండరు. ఎలా ఉంటారో ముందే తెలుసుకోవాలంటే, పోయిన ఏడాది వాళ్ళ ద్వారా కొన్న ఇద్దరితో మాట్లాడండి.

ఇప్పుడు మీ అన్నయ్య అడిగింది. ఇళ్ళు ఫోన్‌లో కనబడతాయి, నిజమే. కానీ టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడయిందో ప్రభుత్వం బయటపెట్టదు. కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌లో కనబడేది పన్ను కోసం వేసిన విలువ. ఫోన్ యాప్‌లలో కనబడేది లెక్క కట్టిన అంచనా. పక్కవీధిలో అదే ప్లాన్ ఇల్లు ఆరు వారాల క్రితం నిజంగా ఎంతకి పోయిందో, ఎన్ని రోజులు మార్కెట్‌లో ఉందో, మధ్యలో ధర ఎన్నిసార్లు దించారో ఎం.ఎల్.ఎస్.లో ఉంటుంది, అది ఏజెంట్లకి తెరుచుకుంటుంది. మీ ఏజెంట్ చెయ్యాల్సిన మొదటి పని ఆ అమ్మకాలు నాలుగైదు ముందు పెట్టి, ఈ ఇంటికి ఎంత పెట్టొచ్చో కారణంతో చెప్పడం. "మీకు నచ్చితే వేసేద్దాం" అన్నది సలహా కాదు.

రెండోది ఈ నేల. డాలస్ చుట్టూ చాలాచోట్ల ఉన్నది వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే నల్ల బంకమట్టి. మన నల్లరేగడి గుర్తు చేసుకోండి. పునాదులు కదులుతాయి, గోడ మూలల్లో, తలుపుల పైన పగుళ్ళొస్తాయి. వడగళ్ళకి పైకప్పులు పాడవుతాయి. అమ్మేవాళ్ళు తమకి తెలిసిన లోపాలన్నీ సెల్లర్స్ డిస్‌క్లోజర్ అనే ఫారంలో రాసివ్వాలి: పునాది బాగు చేయించారా, నీళ్ళు ఎప్పుడైనా వచ్చాయా, కప్పు ఎన్నాళ్ళది. మంచి ఏజెంట్ ఆ ఫారం చదివి, ఇంటికెళ్ళి చూసి, ఈ రెండూ కలవని చోట వేలు పెట్టి చూపిస్తాడు. పునాది రిపేరు చేయించామని రాసి ఉంటే ఇంజినీర్ రిపోర్టు, వారంటీ మీ పేరు మీదకి మారుతుందో లేదో అడుగుతాడు. తను ఇన్‌స్పెక్టర్ కాదు, కాబట్టి లైసెన్స్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోమంటాడు. లాయరు కూడా కాదు, కాంట్రాక్టులో ఏదైనా వాక్యానికి చట్టపరమైన అర్థం చెప్పమంటే చెప్పకూడదు.

మూడోది తేదీలు. ట్రెక్ కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది. కొన్ని వందల డాలర్ల ఆప్షన్ ఫీజు కట్టి, ఒప్పుకున్నన్ని రోజుల్లోపు ఏ కారణం చెప్పకుండానే వెనక్కి తగ్గే హక్కు కొనుక్కుంటారు. వారం, పది రోజులు మామూలు. ఆ ఫీజూ, ఎర్నెస్ట్ మనీ అనే బయానా కాంట్రాక్టు అమల్లోకొచ్చిన 3 రోజుల్లో టైటిల్ కంపెనీకి (ఇంటి హక్కు పత్రాలు చూసి, మధ్యలో డబ్బు దాచి ఉంచే సంస్థకి) చేరాలి. ఆప్షన్ ఫీజు వేళకి చేరకపోతే ఆ హక్కే ఉండదు. చివరి రోజు సాయంత్రం 5 గంటలకి గడువు ముగుస్తుంది, 5 దాటాక పంపిన నోటీసు చెల్లదు. 5 లక్షల ఇంటికి ఎర్నెస్ట్ మనీ 5 వేల దాకా ఉండటం మామూలే, గడువు దాటాక మనసు మారితే అది పోవచ్చు. గడువు ముగిసే రోజు మధ్యాహ్నం మీ కంటే ముందు కంగారుపడే మనిషి ఒకరు మీ పక్కన ఉండాలి. ఏజెంట్‌కి ఇచ్చే డబ్బులో పెద్ద భాగం దీనికేనని నా అభిప్రాయం.

ఏజెంట్ లేకుండా కొనకూడదా అంటే, కొనొచ్చు. ఇక్కడ రెండు ఇళ్ళు కొని అమ్మినవాళ్ళు, లెక్కలు తామే చూసుకోగలవాళ్ళు రియల్ ఎస్టేట్ లాయరుకి ఫీజిచ్చి కాంట్రాక్టు చూపించుకుని చక్కగా కొన్నారు. మొదటి ఇంటికి, అందులోనూ ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, నేను ఆ సలహా ఇవ్వను.

కొత్త ఇళ్ళు కూడా చూస్తామన్నారు కాబట్టి ఒక మాట. సెలీనా, ప్రాస్పర్ వైపు మోడల్ హోమ్‌లో కూర్చుని కాఫీ ఇచ్చి మాట్లాడేవారు బిల్డర్ మనుషులు. బిల్డర్ కాంట్రాక్టు ట్రెక్ ఫారం కాదు, బిల్డర్ లాయర్లు రాసుకున్నది. ఏజెంట్‌తో కొనాలనుకుంటే మొదటిసారి వెళ్ళినప్పుడే ఏజెంట్ పేరు నమోదు చేయించాలి. చాలామంది బిల్డర్లు తర్వాత చేర్చనివ్వరు. ఆదివారం ఊరికే చూసొద్దామని వెళ్ళి, ఫోన్ నంబరు రాసిచ్చి, ఏజెంట్‌ని కోల్పోయినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ వైపు కొత్త కాలనీల్లో మామూలు ఆస్తి పన్నుకి తోడు పి.ఐ.డి. అనో, మడ్ అనో (రోడ్లు, నీళ్ళు, డ్రైనేజీ లాంటి ఏర్పాట్ల ఖర్చు ఆ కాలనీవాళ్ళ దగ్గరే రాబట్టే ప్రత్యేక జిల్లాలు) అదనపు భారం ఉండొచ్చు. ఆ నోటీసు సంతకానికి ముందే మీ చేతికి రావాలి. నెలవారీ లెక్కలో అది కలిపారో లేదో మీరే మళ్ళీ వేసి చూసుకోండి.

ఇంకోటి కూడా ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే చాలామంది దీనికి ఏజెంట్ మీద నొచ్చుకుంటారు. "మనవాళ్ళు ఎక్కువున్న కాలనీ చూపించండి" అని అడిగితే మంచి ఏజెంట్ జవాబు చెప్పడు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం, తర్వాతి సవరణలతో కలిపి, జాతి, మతం, పుట్టిన దేశం, పిల్లలున్నారా లేదా వంటివాటిని బట్టి కొనేవాళ్ళని ఒకవైపు నెట్టడాన్ని నిషేధించింది. మీరు మీ అంతట మీరు ఏ కాలనీ అయినా ఎంచుకోవచ్చు, సాయంత్రం పార్కుకి వెళ్ళి చూసుకోవచ్చు. ఏజెంట్ మాత్రం ఫలానావాళ్ళు ఉన్నారని చెప్పి తీసుకెళ్ళకూడదు. తెలుగు ఏజెంట్ అయినా సరే. తూర్పు వాకిలి కావాలి, ఈశాన్యంలో మెట్లు వద్దు, గుడికి పది మైళ్ళలో ఉండాలి అని మీరు చెప్పడానికి అడ్డేమీ లేదు, దాని ప్రకారం వెతికిపెట్టడం మా పనే.

మీ అన్నయ్య అమ్మకం సంగతికొస్తే, ఆయన లిస్టింగ్ అగ్రిమెంట్‌లో శాతం ఒక్కటే చూస్తారని నా భయం. కొనేవాళ్ళ ఏజెంట్‌కి విడిగా ఏమైనా ఇస్తున్నారా, ఎంత అన్నది ఇప్పుడు ఆయన ఇష్టం. ఏమీ ఇవ్వనని చెప్పవచ్చు, కానీ చేతిలో డబ్బు తక్కువున్న కొనేవాళ్ళు కొందరు ఆ ఇంటిని పక్కన పెడతారు. తన లిస్టింగ్ ఏజెంటే కొనేవాళ్ళని తెచ్చుకుంటే రేటు ఎంతకి తగ్గుతుందో రాయించుకోవాలి. ఇంటర్మీడియరీకి ఒప్పుకుంటారా అన్న చోట టిక్ పెట్టే ముందు, పైన మీకు చెప్పిందంతా ఆయనకి కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎందుకు అమ్ముతున్నారో తన ఏజెంట్‌కి తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. పోయిన సంవత్సరాల్లో ఉద్యోగం పోయి, హెచ్1బీ మీద ఉన్న 60 రోజుల గడువులో ఇల్లు అమ్ముకోవాల్సొచ్చిన కుటుంబాలకి పనిచేశాను. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు తెలుగువాళ్ళే కదా అని ఒకాయన గుమ్మంలో నిలబడి తన కష్టం చెప్పుకున్నాడు. ఆ రాత్రి వచ్చిన ఆఫర్ చూసి ఆయన భార్య ఏడ్చింది. మీ అన్నయ్యకి అలాంటి ఇబ్బంది లేకపోయినా, "వేరే ఇల్లు ఇప్పటికే కొనేశాం" అన్న మాట కూడా బేరంలో అంతే బరువు తూగుతుంది. ఇల్లు చూపించేటప్పుడు ఇంట్లోవాళ్ళు బయటికెళ్ళిపోవడం అందుకే. డిస్‌క్లోజర్ ఫారం మాత్రం తెలిసినదంతా తన చేత్తో నిజం రాయాలి. అక్కడ దాచింది తర్వాత కోర్టు దాకా లాగుతుంది.

ఇదంతా టెక్సస్ పద్ధతి. కాలిఫోర్నియాలో రెండు పక్షాల అనుమతితో ఒకే ఏజెంట్ ఇద్దరికీ పనిచెయ్యవచ్చు. ఫ్లోరిడాలో వేరేగా చెప్పనంతవరకూ ఏజెంట్‌ని ఏ పక్షమూ పట్టని ట్రాన్సాక్షన్ బ్రోకర్‌గానే లెక్కగడతారు. న్యూజెర్సీలో సంతకాలయ్యాక లాయరు చూసి అడ్డు చెప్పడానికి 3 పనిదినాల సమయం ఉంటుంది. ఆ న్యూజెర్సీలోనే ఎడిసన్‌లో ఉన్న మీ స్నేహితుడు చెప్పిన పద్ధతి మీకు సరిపోకపోవడం అందువల్లే.

ఇప్పుడు ఈ ఇంటి విషయంలో. ఓపెన్ హౌస్ ఏజెంట్‌కి మర్యాదగా ఒక్క మెసేజ్ పెట్టండి: "ఇల్లు చూపించినందుకు ధన్యవాదాలు, మా తరఫున ఏజెంట్‌ని పెట్టుకుంటున్నాం, ఇకపై వారు మాట్లాడతారు." అంతకుమించి రాయకండి. ఆయన ఫోన్ చేస్తే బడ్జెట్, లీజు, తేదీలు ఎత్తకండి. సంతకం అడిగిన ఏజెంట్‌ని ఈ ఒక్క ఇంటికి, రెండు వారాలకి ఒప్పందం పంపమనండి. కమిషన్ 2.5 శాతమైతే 12,500 డాలర్లని అంకెల్లో రాయమనండి, అమ్మేవాళ్ళు ఎంత భరిస్తారో శుక్రవారంలోపు కనుక్కోమనండి. ఆవిడ కూడా ఆ లిస్టింగ్ బ్రోకర్ కిందే పనిచేస్తోందేమో అడగడం మరవకండి. ఆ వీధిలో ఈమధ్య అమ్ముడైనవి చూపించాకే అంకె అనుకోండి, ఆ అంకె మీ ముగ్గురి మధ్యే ఉండాలి. ఇక ఆఫర్‌లో ఆప్షన్ రోజులు ఎన్నని పెట్టాలో, ఇన్‌స్పెక్టర్‌కీ, కావాలంటే పునాది చూసే ఇంజినీర్‌కీ ఎప్పుడు ఖాళీ ఉందో ఫోన్ చేసి కనుక్కున్నాకే రాయించండి.